వాటర్లూ టేబుల్ మీద గుర్రాలు ఇరుక్కుపోతున్నాయా? ముందు కొలవండి

1815 నాటి వాటర్లూ యుద్ధాన్ని బొమ్మ సైనికులతో టేబుల్ మీద ఆడుతుంటే, ఆట సగానికి వచ్చేసరికి ఫ్రెంచ్ అశ్వికదళం ఒకదాని వెనక ఒకటిగా ఆగిపోతుంది. ఫ్రెంచ్ సేనాని మార్షల్ నే (Ney) దాడి చేయాల్సిన చోట రెండు రెజిమెంట్లు కూడా పట్టవు. అప్పుడందరూ రూల్సును తిట్టి గుర్రాలకు ఓ పాయింటు కలుపుతారు. దయచేసి ఆ పని చేయకండి.

రూల్‌బుక్‌లో అంగుళానికి ఎన్ని మీటర్లో చూడండి. మీ మ్యాపూ అదే లెక్కలో ఉందా? 100 మీటర్ల తుపాకీ దూరానికి 4 అంగుళాలు ఇచ్చారంటే అంగుళానికి 25 మీటర్లు. మ్యాపు 50 మీటర్ల లెక్కలో గీస్తే తూటాలు రెట్టింపు దూరం పోతాయి. ఇది చూసుకోక ఆటలు పాడుచేసుకున్నవాళ్లు ఎంతమందో!

అది సరిగ్గా ఉన్నా ఇరుకు తగ్గలేదంటే తప్పు మోడల్ ఇళ్లది. మూడు ఆటలు పోయాక గానీ నాకిది తెలియలేదు. 28 మి.మీ. ఎత్తు బొమ్మల పక్కన అందంగా కనిపించే లా హే సాంత్ (యుద్ధభూమి మధ్యలోని ఫామ్) మోడల్ అడుగు వెడల్పు ఉంటుంది. 50 మీటర్ల లెక్కలో అడుగంటే 600 మీటర్లు. అసలు ఫామ్‌లో ఇళ్లూ వాకిలీ కలిపినా 100 మీటర్లు ఉండవు. దానికీ, పక్కనున్న మరో ఫామ్ ఊగుమాన్‌కూ మధ్య దూరం దాదాపు కిలోమీటరు, అంటే 20 అంగుళాలు. రెండుచోట్లా అడుగేసి మోడళ్లు పెడితే, ఒక్కోదానిలో సగం ఆ దూరంలోకి వచ్చి, అందులో 12 అంగుళాలు మాయం. మార్షల్ నే గుర్రాలు నడిచింది సరిగ్గా ఆ సందులోనే. మోడల్ బొమ్మకు నప్పింది కాబట్టి కంటికి అనుమానం రాదు.

రెండంగుళాల ఫెల్ట్ ముక్క కత్తిరించి, దాని మీద ఫామ్ మొత్తం కాకుండా 6 మి.మీ. బొమ్మలకు సరిపడే సైజు ఇల్లు ఒక్కటి పెట్టండి. ఫామ్ హద్దు ఫెల్టే. లోపలి బలగాన్ని పక్కన ట్రేలో ఉంచండి. వెల్లింగ్టన్ వైపు అధికారి మేజర్ బేరింగ్ మొదట ఆ ఫామ్‌ను కాపాడింది సుమారు 400 మందితోనే. ఊగుమాన్‌లో మాత్రం అడవీ పండ్లతోటా నిజంగానే పెద్దవి, భవనాలనే కుదించండి.

ఫ్రెంచ్‌ను ఎదుర్కొన్న వెల్లింగ్టన్ సైన్యం మొదటి టర్నులోనే ఫిరంగులకు చస్తోందా? గట్టు వెనక వాలులోకి జరపండి. వెల్లింగ్టన్‌కు సాయంగా వచ్చే ప్రష్యన్లు ముందే వచ్చేస్తున్నారా? 11:30కి మొదలెట్టి అరగంటకో టర్ను వేస్తే, 4:30కి ప్రష్యన్ జనరల్ బ్యూలో (Bülow) దాడి 11వ టర్నులో రావాలి. ఆనాటి నేల బురదను లెక్కలోకి తేవడానికి ఫిరంగుల బలంలో ఒక పాయింటు తగ్గిస్తే చాలు. పాచికలను అనుమానించి టైం వృథా చేసుకోకండి.