వెల్ష్ మాట నిఘంటువులో దొరక్కపోతే మొదటి అక్షరం వెనక్కి మార్చండి

బ్రిటన్‌లోని వేల్స్ వాళ్ల భాష వెల్ష్. దాన్ని నేర్చుకునేవాళ్లకి మొదట్లో పెద్ద చికాకు ఇదే: చదువుతున్న పేజీలో ఉన్న మాట నిఘంటువులో ఉండదు. మన కూర, కాయ కలిసి కూరగాయ అయినట్టు, అక్కడ ముందున్న మాటను బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారుతుంది. నిఘంటువులో ఉండేది మాత్రం అసలు రూపమే.

బి ఉంటే పి, డి ఉంటే టి, జి ఉంటే సి, డబుల్ డి ఉంటే ఒక్క డి పెట్టి చూడండి. ఎల్ అయితే డబుల్ ఎల్, ఆర్ అయితే ఆర్‌హెచ్. ఎఫ్‌కి రెండుచోట్ల వెతకాలి, బిలోనూ ఎమ్‌లోనూ. చాలా థాంక్స్ అని చెప్పే 'దియోల్ఖ్ అన్ వౌర్'లో చివరి మాటను ఎఫ్‌తో రాస్తారు, దొరికేది ఎమ్‌లో: 'మౌర్', అంటే పెద్ద. అచ్చుతో మొదలైన మాట దొరక్కపోతే ముందు జి తగిలించండి, ఎందుకంటే జి పూర్తిగా మాయమైపోతుంది. ఎన్‌జిహెచ్ చూడగానే టెన్షన్ వస్తుంది గానీ అది సి మాత్రమే. ఎమ్‌హెచ్ పి, ఎన్‌హెచ్ టి.

దీనికి చుట్టమైన ఐర్లాండ్ భాష ఐరిష్‌లోనూ మొదటి అక్షరం మారుతుంది గానీ, ఇంత తంటా లేదు. హల్లు వెనక హెచ్ ఉంటే సాధారణంగా దాన్ని తీసేస్తే చాలు.

ఒక జాగ్రత్త: ముందు ఉన్నది ఉన్నట్టే వెతకండి. 'నిన్న' అనే అర్థమిచ్చే 'దోయ్'ని మామూలుగా డబుల్ డితోనే రాస్తారు, నేటి నిఘంటువుల్లో సాధారణంగా దొరికేది కూడా డబుల్ డి కిందే.