పైసలు పోయినంక మళ్ళీ పైసలు పంపకండి: పండుగ షాపింగ్ ముందు జాగ్రత్తలు

పోయిన శుక్రవారం పొద్దున షాపు షట్టర్ లేపేసరికే ఒకామె మెట్ల మీద కూర్చొని ఉంది. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాది జిరాక్స్ తీసి, ఆన్‌లైన్ ఫారాలు నింపే చిన్న షాపు. దేవరకొండ వైపు ఊరి నుంచి మొదటి బస్సుకి వచ్చిందట. "అన్నా, నా పైసలు పోయినయ్, కంప్లయింట్ రాయాలె" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరిదో పేజీ చూసి బతుకమ్మకి గద్వాల చీర అని 1,499 కట్టింది, చీర రాలేదు. అంతవరకే అయితే నేనిదంతా రాసేవాణ్ణి కాదు, పండుగ సీజన్ దగ్గరపడితే అలాంటివి వారానికి నాలుగైనా వస్తాయి. కానీ ఆమెకి పోయింది 1,499 కాదు, 41,497. అందులో ఎక్కువ భాగం సంఘం పైసలు, సోమవారం బ్యాంకులో కిస్తీ కట్టాల్సినవి.

ఎట్లా పోయాయంటే, చీర రాకపోయేసరికి వాళ్ళ అబ్బాయి గూగుల్‌లో కొరియర్ కస్టమర్ కేర్ నంబర్ వెతికిచ్చాడు. ఎత్తినవాడు మంచి తెలుగులో, "మేడమ్, మీ ఆర్డర్ క్యాన్సిల్ అయింది, రీఫండ్ ఇప్పుడే వేస్తాం" అన్నాడు. ఒక యూపీఐ ఐడీ కొట్టించి, కింద గడిలో "రీఫండ్ కోడ్" 19999 అని టైప్ చేయమన్నాడు. ఆ గడి ఏమిటో నాకామె ఫోన్‌లో చూపించింది. ఎంత డబ్బు పంపాలో రాసే గడి అది! కోడ్ అనుకొని కొట్టింది, పిన్ కొట్టింది, 19,999 వెళ్ళిపోయింది. గాబరా పడితే వాడు చాలా నెమ్మదిగా, "సర్వర్ ప్రాబ్లం మేడమ్, మళ్ళీ అదే కోడ్ కొట్టండి, రెండూ కలిపి వెనక్కి వస్తాయి" అన్నాడు. హిస్టరీలో ఆ రెండు 19,999లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, మధ్యలో తేడా 4 నిమిషాలు.

అందుకే దసరా, దీపావళి సేల్స్ మొదలవకముందే ఇది రాస్తున్నా. లింకు చూసి నొక్కండి, రివ్యూలు చదవండి లాంటివి మీకు అందరూ చెప్పే ఉంటారు, నేను చెప్పను. నేను ఈ కుర్చీలో కూర్చొని చూసిన ఒక్క తప్పు గురించే చెప్తా. పోయిన డబ్బు తిరిగి తెచ్చుకోవడానికి మళ్ళీ డబ్బు పంపడం. మొదట పోయేది చీర డబ్బు, చెప్పుల డబ్బు, లేదంటే పత్తికి మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ డబ్బు. మనిషిని ముంచేది రెండోసారి పోయేది.

మీ డబ్బు మీకు తిరిగి రావాలంటే మీరు ఒక్క రూపాయి కూడా పంపాల్సిన పని లేదు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి తప్ప డబ్బు తీసుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు. రీఫండ్ కోసం క్యూఆర్ స్కాన్ చేయమన్నారా, మోసం. పిన్ కొట్టమన్నారా, మోసం. దీనికి మినహాయింపు ఇప్పటిదాకా నాకైతే కనపడలేదు.

ఈ రెండో దెబ్బ చాలా వేషాల్లో వస్తుంది. ఒకటి పైన చెప్పిన కస్టమర్ కేర్. గూగుల్‌లో కనపడే నంబర్ ఎవరు పెట్టారో మనకి తెలియదు, కంపెనీ యాప్ లోపల ఉన్న హెల్ప్ తప్ప వేరే నంబర్ నమ్మొద్దు. ఇంకొకటి అమ్మినవాడే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, పార్సిల్ హైదరాబాద్‌లో ఆగింది, జీఎస్టీ 850 కట్టండి, చీరతో పాటు అదీ రీఫండ్ అవుతుంది అంటాడు. కింద ఆకుపచ్చ స్టాంపు వేసిన రసీదు కూడా పంపిస్తాడు. 850 కట్టినోళ్ళకి మర్నాడు 2,200 "ఇన్సూరెన్స్" వస్తుంది. మూడోదాన్ని జనం అసలు ఊహించరు. కంపెనీ పేజీ కింద కామెంట్లలో కోపంగా ఆర్డర్ నంబర్, ఫోన్ నంబర్ రాస్తారు చూడండి, పది నిమిషాల్లో అచ్చం కంపెనీ లోగోతోనే ఉన్న అకౌంట్ నుంచి "సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్" అని మెసేజ్ వస్తుంది. ఆ కామెంట్ల దగ్గర వాళ్ళు కాచుకొని ఉంటారు.

అన్నింటికంటే పాపిష్టిది ఇది. కంప్లయింట్ ఇచ్చిన వారానికి ఫోన్ వస్తుంది, "సైబర్ పోలీస్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, కోర్టు ఫీజు 2,500 కడితే రిలీజ్ చేస్తాం" అని. ఒకసారి మోసపోయిన నంబర్ల లిస్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది కదా, మళ్ళీ మనకే చేస్తారు. పోయిన డబ్బు రాబడతాం, 10 శాతం కమీషన్ అని టెలిగ్రామ్‌లో ప్రకటనలు వేసేవాళ్ళదీ అదే దందా. పోలీసులు డబ్బు అడగరు. 1930 వాళ్ళు ఓటీపీ అడగరు. మళ్ళీ చెప్తున్నా, డబ్బు తిరిగి రావడానికి డబ్బు పంపకండి.

డబ్బు పోయిందని తెలిసిన మొదటి గంట

అన్నీ వదిలేసి 1930 కి చేయండి. దేశమంతటికీ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది, మన రాష్ట్రంలో దీని వెనక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. లైన్ బిజీ వస్తే మళ్ళీ మళ్ళీ చేయండి, లేదంటే సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ లో నేరుగా వేయండి. తొందర ఎందుకంటే, మీ డబ్బు వెళ్ళిన ఖాతా మోసగాడి సొంతది అయి ఉండదు, కమీషన్‌కి అద్దెకిచ్చిన ఎవరిదో అయి ఉంటుంది. అక్కడి నుంచి ఇంకో ఖాతాకి, ఇంకో ఖాతాకి మార్చి చివరికి ఏటీఎంలో తీసేస్తారు. కంప్లయింట్ పడగానే ఆ బ్యాంకులకి సమాచారం వెళ్ళి, ఖాతాలో అప్పటికి ఎంత మిగిలి ఉంటే అంత ఆపుతారు. మన దేవరకొండ అక్కకి మోసం జరిగింది బుధవారం సాయంత్రం, నా దగ్గరికి వచ్చింది శుక్రవారం పొద్దున. గురువారం అంతా ఇంట్లో చెప్పడానికి భయపడి కూర్చుందట. 41,497లో ఆగింది 2,300.

1930 వాళ్ళు అడిగేవి ముందే చేతిలో పెట్టుకోండి. మీ బ్యాంకు పేరు, ఎంత, ఏ రోజు, ఏ టైముకి, ఇంకా 12 అంకెల యూటీఆర్ నంబర్. ఫోన్‌పే, గూగుల్‌పే ఏదైనా సరే ఆ చెల్లింపు మీద నొక్కితే కింద ఉంటుంది. పోర్టల్‌లో ఏం జరిగిందో రాసే చోట కనీసం 200 అక్షరాలు ఉండాలి, ప్రత్యేక గుర్తులు పెడితే తీసుకోదు. అక్కడ చాలామంది "మోసం చేసిండు న్యాయం చేయండి" అని ఒక్క ముక్క రాసి, సబ్‌మిట్ అవట్లేదని వదిలేసి వెళ్ళిపోతారు. ఏ పేజీ, ఏ సరుకు, ఎంత, ఎప్పుడు, ఏ నంబర్ నుంచి మాట్లాడారు, ఇవన్నీ వరసగా రాస్తే 200 ఎట్లాగూ దాటుతుంది.

ఆ వెంటనే బ్యాంకుకి. ఇక్కడొక అపోహ ఉంది, "మూడు రోజుల్లో చెప్తే బ్యాంకే ఇస్తదంట కదా" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆ రూలు మీ తప్పేమీ లేకుండా, మీకు తెలియకుండా ఖాతాలోంచి పోయిన డబ్బుకి. మీ చేత్తో మీరు పిన్ కొట్టి పంపితే అది వర్తిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అయినా బ్యాంకుకి చెప్పి తీరాలి, ఎందుకంటే పిన్నో ఓటీపీయో బయటపడి ఉంటే మీరు చెప్పిన తర్వాత పోయే ప్రతి రూపాయి బ్యాంకు నెత్తిన పడుతుంది. కార్డుతో కట్టి ఉంటే మాత్రం మీ పరిస్థితి కొంచెం మెరుగు. సరుకు అందలేదని బ్యాంకులో డిస్ప్యూట్ ఫారం ఇస్తే ఛార్జ్‌బ్యాక్, అంటే అమ్మినవాడికి వెళ్ళిన డబ్బు వెనక్కి ఇమ్మని బ్యాంకు తరఫున అడుగుతారు. దానికి గడువుంటుంది, వచ్చే నెల చూద్దాంలే అనుకోకండి. తెలియని వెబ్‌సైట్‌లో కొనక తప్పకపోతే యూపీఐ కంటే కార్డు మేలని నేననేది ఇందుకే. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది, నంబర్ 14448.

ఎవడు మాయమయ్యాడు, ఎవడు సతాయిస్తున్నాడు

ఈ రెండింటికీ వెళ్ళాల్సిన చోట్లు వేరు. పేజీ మూసేసి, నంబర్ బ్లాక్ చేసి పోయినవాడైతే 1930, పోలీస్ స్టేషన్. ఊళ్ళో స్టేషన్ పరిధి కాదు అంటే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధి చూడకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్‌ఐఆర్, అని అడగండి, 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది రాసే ఉంది. అడ్రస్, ఆఫీసు ఉన్న నిజమైన కంపెనీ అయ్యుండి, సరుకు పంపక, డబ్బు ఇవ్వక తిప్పుతుంటే అది వినియోగదారుల వ్యవహారం. ముందు యాప్‌లో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే కంపెనీలో ఫిర్యాదులు చూసే ఆయనకి రాయండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం వాళ్ళు 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. తర్వాత 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఇక్కడే చాలా రీఫండ్లు కదులుతాయి, నా కళ్ళతో చూశాను.

దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, సూరత్‌లో ఉన్నా కేసు మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, నల్లగొండ వాళ్ళు నల్లగొండలో, పాలమూరు వాళ్ళు పాలమూరులో. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక ఉన్న గొప్ప సౌకర్యం అది. కట్టిన విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ళలోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది.

బ్యాంకులో ఆపిన డబ్బు దానంతటది మీ ఖాతాలో పడదు, ఇది కూడా తెలుసుకోండి. చాలాసార్లు కోర్టు ఆర్డర్ కావాల్సి వస్తుంది. మన దగ్గర లోక్ అదాలత్ పెట్టి ఇట్లా ఆగిన డబ్బు వెనక్కి ఇప్పిస్తున్నారు, కాబట్టి స్టేషన్‌లో అడిగి మీ పిటిషన్ అందులో చేర్పించుకోండి. దీనికి కూడా ఎవరికీ ఫోన్‌పే చేయాల్సిన పని లేదు!

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరసలో రాస్తా.

వాడితో జరిగిన చాట్ డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేయండి. పేజీ పేరు ఒక్కటే కాదు, లింకు కూడా కాపీ చేసుకోండి, పేరు రేపటికి మార్చేస్తాడు.

"పోలీసులకి చెప్తా" అని వాడికి మెసేజ్ పెట్టకండి. ఖాతాలో ఉన్నది ఇంకా తొందరగా తీసేస్తాడు.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, ఇంకేదైనా స్క్రీన్ చూపించే యాప్ వేయమంటే ఫోన్ పెట్టేయండి.

వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ నొక్కొద్దు, అది ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్. పేరు "రీఫండ్ ఫారం" అని ఉన్నా నొక్కొద్దు.

స్టార్ 401 తో మొదలయ్యే నంబర్ డయల్ చేయమంటే చేయకండి, మీ కాల్స్ వాడికి మళ్ళుతాయి, ఓటీపీ కూడా వాడే వింటాడు. ఇప్పటికే చేసి ఉంటే ##002# కొట్టండి.

మనం ఉన్నదే చీరల మధ్య. ఇటు పోచంపల్లి, పుట్టపాక, అటు గద్వాల, నారాయణపేట. అసలు గద్వాల చీర ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు, మగ్గం మీద రోజుల తరబడి పని. అది 1,499 కి, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ! పాలమూరులో బస్సెక్కితే రెండు గంటలకి దిగే ఊరి చీర కోసం ఎవడో ముఖం తెలియనివాడికి అడ్వాన్స్ కట్టేదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ కట్ చేసేటప్పుడు వీడియో తీయండి, అడ్రస్ స్టిక్కర్ కనపడేలా, మధ్యలో ఆపకుండా.

1,499 కోసం కంప్లయింట్ ఎందుకులే అనుకోకండి. అదే ఖాతా మీద పది కంప్లయింట్లు పడితే ఆ ఖాతా పోలీసుల కంట్లో పడుతుంది.

ఇంట్లో చెప్పండి. మొగుడు తిడతాడని గురువారం అంతా దాచుకున్నందుకు ఏమైందో పైన రాశాను. మొగుళ్ళకి కూడా చెప్తున్నా, ఆ మొదటి గంట తిట్టకండి, 1930 కి చేయండి, తిట్లు తర్వాత.

కంప్లయింట్ వేశాక డబ్బు దొరికిందని ఫోన్ వస్తే, వాడు ఏ ఎస్సై పేరు చెప్పినా సరే, పెట్టేసి స్టేషన్‌కి నడిచి వెళ్ళి అడగండి. డబ్బు పంపకండి. వంద కూడా పంపకండి.

కంప్లయింట్ రాయడానికి 500 అడిగే సెంటర్లు ఉన్నాయి, ఇవ్వకండి. పోర్టల్‌లో ఫీజు లేదు, ప్రింట్లకి, నింపిన కష్టానికి ఎంతో కొంత తీసుకుంటాం, అంతే.

మా లాంటి షాపుకి వచ్చేటప్పుడు డబ్బు పోయిన ఆ ఫోనే, ఆ సిమ్‌తోనే తీసుకొని రండి, ఛార్జింగ్ పెట్టుకొని రండి, ఓటీపీ దానికే వస్తుంది. పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్, ఆధార్, ఖాతాలోంచి డబ్బు పోయిన రోజు స్టేట్‌మెంట్. దేవరకొండ అక్క ఫోన్‌లో ఛార్జింగ్ 6 శాతమే ఉండె, సగం ఫారం నింపాక ఆగిపోయింది, మళ్ళీ ఛార్జర్ వెతికి మొదటి నుంచి నింపాం.