గుండె ఆపరేషన్ తర్వాత తొలి ఎండాకాలం

హన్మకొండలో మార్చి దాటితే పొద్దున ఎనిమిదికే ఎండ చురుక్కుమంటుంది. బైపాస్ అయ్యాక వచ్చిన తొలి ఎండాకాలంలో, ఏప్రిల్ చివర, పూజ చేసి పీట మీంచి లేచేసరికి నాకు కళ్లు బైర్లు కమ్మాయి. మా ఆవిడ పట్టుకోకపోతే తల గడపకు తగిలేది. బీపీ చూస్తే 90/60. చలికాలం వేసుకున్న మాత్రలే, అదే డోసు. ఎండకు చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది, దాంతో బీపీ దానంతటదే దిగుతుంది. పైన బీపీ మాత్ర, మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర కూడా తోడయ్యాయి. డాక్టరు ఒక మాత్ర సగం చేశాక సర్దుకుంది.

అందుకే రోహిణి కార్తె దాకా ఆగకండి. ఎండలు ముదరకముందే వెళ్లి, ఈ కాలానికి మాత్రలేమైనా మార్చాలా అని అడగండి. మనంతట మనం మాత్రం ఏదీ మానొద్దు. స్టెంట్ (రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం) వేయించుకున్నవాళ్లు, ముఖ్యంగా మొదటి ఏడాది, రక్తం పలచబడే మాత్రలు ఒక్క రోజూ తప్పకూడదు. మానితే స్టెంట్‌లో గడ్డ కట్టి మూసుకుపోవచ్చు. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరునే అడగాలి. పెళ్లిళ్ల సీజన్ కదా, ఊరెళ్తే బట్టల కన్నా ముందు మాత్రల డబ్బా సర్దుకోండి. దాన్ని బండి డిక్కీలో, కారు అద్దం దగ్గర ఎండలో వదలొద్దు.

'నీళ్లు బాగా తాగండి' అనే మాట గుండె పంపింగ్ తగ్గినవాళ్లకు చెల్లదు. వాళ్లకు డాక్టరు రోజుకు లీటరున్నర అనో, రెండు లీటర్లు అనో లెక్క చెప్పి ఉంటారు. నాతో భద్రకాళి బండ్ మీద నడిచే ఒక పెద్దాయన పొద్దున్నే లీటరున్నర బాటిల్ నింపి పెట్టుకుంటారు. చాయ్ తాగినా, సల్ల తాగినా ఎంత తాగితే అంత నీళ్లు అందులోంచి చెట్టుకు పోసేస్తారు. ఇంక ఎంత తాగొచ్చో బాటిలే చెబుతుంది. రోజూ పరగడుపున బరువు చూసి క్యాలెండర్ మీద రాస్తారు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఓఆర్ఎస్‌లో ఉప్పుంటుంది, కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంటుంది. అవి మీకు పడతాయో లేదో అడిగాకే తాగండి. కొత్త మామిడి తొక్కు వాసనకు నోరూరడం సహజమే, కానీ ఒక చిన్న ముక్కతో ఆపాలి.

కాళ్ల రక్తనాళాలు సన్నబడినవాళ్ల గురించి నాకు ఎక్కువ భయం. మా వీధిలో ఒకాయనకు కాలికీ స్టెంట్ ఉంది, షుగర్ కూడా. హనుమాన్ జయంతికి చెప్పుల్లేకుండా కొండగట్టు వెళ్లొచ్చారు. రాత్రి మనవరాలు కాళ్లు పడుతూ అరికాలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ చూసింది. ఆయనకు మంటే తెలియలేదు! అది మానడానికి మూడు నెలలు పట్టింది. మొక్కుంటే ఎండెక్కకముందే దర్శనం చేసుకోండి, బండల మీద మందపాటి సాక్సులు వేసుకోండి, రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి. దేవుడు మనల్ని బతికించింది కాళ్లు కాల్చుకోవడానికి కాదు.

బైపాస్ అయ్యి మూడు నెలలు నిండనివాళ్లు కూలర్‌లో బకెట్లతో నీళ్లు పోసే పని ఇంట్లోవాళ్లకు వదిలేయండి. రొమ్ము ఎముక ఇంకా అతుక్కుంటూ ఉంటుంది. నడక పొద్దున ఆరున్నరలోపే ముగించండి.

ఇంకొకటి. కూలర్ ముందు కూర్చున్నా చల్లటి చెమటలు పట్టి, ఛాతీ బిగిసి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే వడదెబ్బనో గ్యాస్ అనో సోడా తాగి పడుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు ఇచ్చి ఉంటే, ఆయన చెప్పినట్టే, కూర్చున్నాకే పెట్టుకోండి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కింద పడొచ్చు. మా ఇంట్లో డిశ్చార్జి కాగితం, ఎకో రిపోర్టు, మాత్రల చీటీ ఒక కవర్‌లో పెట్టి తలుపు వెనక మేకుకు తగిలించాం. అది ఎక్కడుందో మా పక్కింటివాళ్లకూ తెలుసు.