మట్టి పనిలో పగుళ్లు, పేలుళ్లు, పెచ్చులు: ఏది ఎందుకు, ఏం చేయాలి

కుండలు, ప్రమిదలు, టెర్రకోట బొమ్మలు చేసేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం నీరే. మట్టిలో నీరు మూడు చోట్ల ఉంటుంది. రేణువుల మధ్య ఉన్నది ఎండకూ గాలికీ పోతుంది. ఖనిజపు పొరల మధ్య ఇరుక్కున్నది పూర్తిగా పోవాలంటే 100 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఖనిజంలోనే భాగమైపోయినది 450 డిగ్రీలు దాటితే గానీ కదలదు. వస్తువు ఏ దశలో చెడిందో చూస్తే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

ఆరేటప్పుడే పగుళ్లు

ముందు మట్టిని అనుమానించండి. నల్లరేగడిలో మాంట్‌మోరిలోనైట్ అనే ఖనిజం ఎక్కువ. దాని పొరల మధ్యకు నీరు చొరబడి ఉబ్బిస్తుంది, ఆరితే అంతా ముడుచుకుపోతుంది. ఎండాకాలం రేగడి చేలల్లో నెర్రెలు పడేది అందుకే. తెల్లని చీనామట్టిలో ఉండే కయోలినైట్ అనే ఖనిజపు పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీటిని మధ్యకు రానివ్వవు. అందుకే అది తక్కువ ముడుచుకుంటుంది.

మీ మట్టి సంగతి తేల్చడానికి ఒక పచ్చి పలక చేసి, దానిమీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. పూర్తిగా ఆరాక కొలవండి. 9.4 ఉంటే ఫర్వాలేదు. 9 కంటే తగ్గితే ఆ మట్టిని ఒంటరిగా వాడొద్దు. సన్న ఇసుక గానీ, చిల్లపెంకులు దంచిన పొడి గానీ పదోవంతుతో మొదలుపెట్టి కలిపి, మళ్లీ పలక చేసి చూడండి. మరీ ఎక్కువైతే జిగట పోయి సారె మీద మట్టి లేవదు.

మట్టి మంచిదే అయినా పగుళ్లు అంచు నుంచి కిందికి దిగుతుంటే, అంచు ముందు ఆరిపోయి అడుగు ఇంకా తడిగా ఉందన్నమాట. అంచుకు తడిగుడ్డ చుట్టండి, కాస్త గట్టిపడగానే బోర్లించండి. తొందరపడి ఫ్యాన్ కింద మాత్రం పెట్టొద్దు.

ఆవంలో టప్పున పేలడం

ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, కాల్పు మొదలైన కొద్దిసేపటికే చప్పుడు వచ్చి, తెరిచి చూస్తే పెంకులు పలచగా, చిప్పల్లా లేచిపోయి ఉంటాయి. లోపల గాలి బుడగ ఉండి పేలిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. పూర్తిగా ఆరిన వస్తువులో బుడగ ఉన్నా వేడెక్కిన గాలి మట్టి సందుల్లోంచి నెమ్మదిగా బయటపడుతుంది. పేల్చేది ఆవిరి. ఒక చెంచా నీరు ఆవిరైతే దాదాపు 1,700 చెంచాల చోటు అడుగుతుంది. దళసరి గోడలో దానికి దారి ఎక్కడిది?

వస్తువును చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా చెమ్మ ఉంది. ఆవంలో పెట్టాక 80, 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిలపండి. ఎలక్ట్రిక్ బట్టీ అయితే గాలి రంధ్రం తెరిచి ఉంచి, దాని దగ్గర చల్లని గాజు ముక్క పట్టుకోండి. గాజు మసకబారినంతసేపూ మంట పెంచొద్దు. వానాకాలంలో ఇంకో చిక్కుంది: బాగా ఆరిన వస్తువు కూడా గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. వారం కిందట ఆరిందని ధీమా వద్దు.

450 నుంచి 600 దాకా కూడా నిదానమే మంచిది. ఖనిజంలోని నీరు పోయేది అప్పుడే. శుద్ధమైన కయోలినైట్ ఈ దశలో తన బరువులో 14 శాతం దాకా కోల్పోతుంది.

నీళ్లు పోస్తే మెత్తబడటం

పైన చెప్పిన ఖనిజంలోని నీరు పూర్తిగా పోలేదన్నమాట. అది పోయాకే మట్టి మళ్లీ బురద కాలేని పదార్థంగా మారుతుంది, కానీ గట్టిదనం రావాలంటే 800, 900 దాకా వెళ్లాలి. ఆవం అంచుల్లో పెట్టినవాటికే ఈ జబ్బు ఎక్కువ. ఆకారం చెడకపోతే ఆరబెట్టి మళ్లీ కాల్చుకోవచ్చు.

చల్లారాక సన్నని చీలిక, మొద్దు చప్పుడు

మంచి కుండ తడితే ఖంగుమంటుంది. చీలిక కంటికి కనబడకపోయినా చప్పుడు చెప్పేస్తుంది. ఇసుకలోని పలుగురాయి 573 డిగ్రీల దగ్గర తన నిర్మాణాన్ని మార్చుకుని, చల్లారేటప్పుడు ఒక్కసారిగా కుంచించుకుంటుంది. వేడిగా ఉండగా మూత తీయకండి, చేతికి తట్టుకునేంత చల్లారనివ్వండి.

విరిగిన ముక్క మధ్యలో నల్లని గీత

మట్టిలోని వేర్లు, ఆకుల కుళ్లు పూర్తిగా కాలలేదు. 700 దాటాక మెల్లగా పెంచుతూ గాలి బాగా ఆడనివ్వండి. కావాలని పొగబెట్టి నల్లగా చేసే కుండల సంగతి వేరు.

కాల్చిన కొన్నాళ్లకు పెచ్చులూడటం

అన్నిటికంటే విసుగు తెప్పించేది ఇదే, ఎందుకంటే అప్పటికే అమ్మేసి ఉంటాం. ఊడిన గుంట అడుగున తెల్లని చుక్క కనిపిస్తే అది సున్నం. మట్టిలోని సున్నపురాయి ముక్క బట్టీలో పొడి సున్నమైంది. ఆ తర్వాత గాలిలోని తేమ తగిలి ఉబ్బి, పైపొరను తోసేసింది. పిండిలా నలిగిన సున్నం ఇంత హాని చేయదు, జొన్నగింజంత ముక్కే చేస్తుంది. కాబట్టి మట్టిని నీళ్లలో పలచగా కలిపి సన్న జల్లెడ పట్టండి. కాల్చేసిన సరుకును, బాగా కాలినదైతే, గోరువెచ్చగా ఉండగానే నీళ్లలో పూర్తిగా ముంచి నానబెట్టండి. సున్నం ఒక్కసారే తడిసి మెత్తని ముద్దయి, చుట్టూ ఉన్న సందుల్లోకి సర్దుకుంటుంది. ఇటుక బట్టీల్లో ఇటుకలకు చేసేదీ ఇదే. ఆ నీటిలో చేతులు పెట్టి కలపకండి, చర్మం మండుతుంది.