రంది ఒంట్లో ఎక్కడ కూర్చుందో పద్నాలుగు రోజుల్లో కనిపెట్టడం ఎలా

మా దేవరకొండ వైపు ఒత్తిడి అనే మాట ఎవరూ వాడరు. రంది అంటారు. "రంది పెట్టుకోకు" అని ఓదారుస్తారు. నేను ఉపకేంద్రంలో ఏఎన్ఎంగా చేరి పదహారేళ్ళయింది. ఇన్నేళ్ళలో "రందిగా ఉంది, చూడమ్మా" అంటూ వచ్చినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గ్యాస్ అంటూ వస్తారు, తల దిమ్ముగా ఉందంటూ వస్తారు, మెడ పట్టేసిందంటూ వస్తారు.

నా సంగతీ అంతే. మూడేళ్ళ కిందట మా మూడెకరాల బత్తాయి తోటలో రెండు బోర్లు ఒకే ఎండాకాలంలో ఎండిపోయాయి. అప్పు తెచ్చి మూడోది వేయిస్తే అందులోనూ దుమ్మే లేచింది. ఆ అప్పుకు నెలనెలా ఐదో తేదీన వాయిదా. నేను ఏడవలేదు, ఎవరితోనూ అనలేదు. కానీ పొద్దున లేచేసరికి దవడ నొప్పి. పంటి నొప్పి అనుకుని డాక్టరు దగ్గరకు వెళ్తే, "పళ్ళు బాగానే ఉన్నాయమ్మా, రాత్రంతా బిగించి పడుకుంటున్నారు" అన్నారు. ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. అది ఎలా రాయాలో, రాశాక ఏం చేయాలో చెబుతాను.

ముందుగా ఒంట్లో జరిగేది కొంచెం తెలియాలి. దారిలో కుక్క వెంటపడిందనుకోండి. మెదడు కబురు పంపగానే కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి, కాసేపటికి కార్టిసాల్ అనే మరో హార్మోన్‌ను కూడా. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది, కండరాలు బిగుస్తాయి, అరుగుదల మందగిస్తుంది. ఇదంతా మనల్ని కాపాడడానికే. కుక్క వెళ్ళిపోతే ఒళ్ళు సర్దుకుంటుంది. ఎండిన బోరు, వడ్డీ, పుణెకు వలస వెళ్ళి నెల రోజులుగా ఫోను చేయని కొడుకు మీద బెంగ అలా వదిలిపోవు. ఒళ్ళు నెలల తరబడి పరుగుకు సిద్ధంగానే ఉండిపోతుంది. బీపీ, షుగరు పెరుగుతాయి, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, జలుబు తరచుగా పట్టుకుంటుంది, పుండు త్వరగా మానదు, ఆడవాళ్ళకు నెలసరి తప్పవచ్చు. జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం మీద కూడా కార్టిసాల్ ప్రభావం గట్టిగా ఉంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకలను చలిలో ఉంచినా, అతిగా శ్రమ పెట్టినా, మందులు ఎక్కించినా వాటి ఒంట్లో ఒకే రకం మార్పులు గమనించాడు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి అవసరమైన థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. గ్యాస్ గోలీకి లొంగని కడుపు మంట గురించి ఎవరైనా చెబితే నాకు ఆ ఎలుకలే గుర్తొస్తాయి.

ఇక నోటుబుక్కు. పిల్లల రూళ్ళ పుస్తకం చాలు. పెన్నును దారంతో దానికే కట్టండి, లేకపోతే మూడో రోజుకే రాయడం ఆగిపోతుంది. ఒక్కో వరుసలో నాలుగు సంగతులు రాయాలి: ఎన్ని గంటలకు, ఒంట్లో ఎక్కడ, అంతకు ముందు ఏం జరిగింది, ఏం తిన్నారు లేదా తాగారు. దిగులుగా ఉంది, బాధగా ఉంది అని రాయవద్దు. అలా రాస్తే పద్నాలుగు రోజులూ ఒకేలా కనిపిస్తాయి. నా మొదటి వారంలో ఒక వరుస ఇది: "పదకొండు. మెడ, కుడి పక్క. ఫోను మోగింది, తీయలేదు. రెండో టీ." మరొకటి: "రాత్రి మూడు. గుండె దడ. ఏమీ జరగలేదు." ఏమీ జరగకపోయినా రాయాలి. పద్నాలుగు రోజులైతే సంత రోజు, సెలవు రోజు అన్నీ రెండేసి సార్లు వస్తాయి. మీరు భయపడే తేదీ కూడా వాటిలో పడేలా చూసుకోండి. రాయడం రానివారు ఇంట్లో పిల్లలతో రాయించుకోవచ్చు.

ఈలోపు బీపీ, షుగరు, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. గుండె దడ రక్తహీనత వల్లా వస్తుంది, థైరాయిడ్ వల్లా వస్తుంది. అన్నిటినీ రంది మీదకు తోసేయకూడదు. ఛాతీ బరువెక్కి, నొప్పి చేతికో దవడకో పాకి, చెమటలు పడితే నోటుబుక్కు సంగతి వదిలేసి వెంటనే 108కి ఫోను చేయండి.

బీపీని సరిగా కొలిపించుకోవడం కూడా తెలియాలి. పోయిన ఏడాది ఒక పెద్దాయన మండుటెండలో నడిచి వచ్చి, వస్తూనే చేయి చాపారు. 168/100 వచ్చింది. "ఇప్పుడే కంగారు పడకు పెద్దనాయనా" అని కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనేలా కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలు మాటల్లేవు. చేయిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి మళ్ళీ కొలిస్తే 146/92. అదీ ఎక్కువే. 140/90 దాటితే వేరే రోజుల్లో మళ్ళీ చూసి డాక్టరు తేలుస్తారు. కొలిచే ముందు అరగంట వరకు టీ, బీడీ ముట్టకూడదు. పట్టీ తీస్తుంటే ఆయన అన్నారు: "రంది లేకుండా ఎట్లా ఉంటుంది బిడ్డా, తోట కొట్టేశాను." అప్పటిదాకా ఆయన చెప్పింది కడుపు మంట గురించే.

పద్నాలుగు రోజులయ్యాక ఎర్ర పెన్ను తీసుకుని, మళ్ళీ మళ్ళీ వచ్చిన గంటలకు సున్నాలు చుట్టండి. నాకు పద్నాలుగు రాత్రుల్లో పదకొండు రాత్రులు మూడు గంటలకే మెలకువ వచ్చింది. ఏ మార్పు చేసినా ఆ గంట కోసమే చేయాలి. నిద్ర మధ్యలో లేచి లెక్కలు వేసే అలవాటును సాయంత్రానికి జరిపాను. ఆరింటికి ఒక కాగితం మీద అప్పు లెక్క రాసి, దాని కింద రేపు చేయగల ఒక్క పని రాస్తాను. మూడింటికి లెక్క గుర్తొస్తే, అది కాగితం మీద ఉంది అనుకుంటాను. ఫోను ముట్టుకోను. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులుతాను. వదిలే శ్వాస పొడవుగా ఉంటే మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నరం ద్వారా గుండె నెమ్మదిస్తుంది. ఐదు నిమిషాలు చాలు. మధ్యాహ్నం మూడు దాటాక టీ మానేశాను. కల్లో, మందో తాగితే నిద్ర వస్తుందని మగవాళ్ళు అంటారు. త్వరగా పట్టే మాట నిజమే, కానీ తెల్లవారుజామున అదే నిద్రను చెడగొడుతుంది.

పుస్తకంలో రోజురోజుకూ వరుసలు పెరుగుతుంటే, తిండి సయించకపోతే, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా ఒంటరిగా ఉండవద్దు. మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళు పొలం మందులకు తాళం వేసి తాళంచెవిని వేరే ఇంట్లో ఉంచండి. దీన్ని నేను వాడవాడకూ తిరిగి చెబుతున్నాను.

నెల తర్వాత మరో పద్నాలుగు రోజులు రాసి, రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మా బోరులో నీళ్ళు పడలేదు, వాయిదా తీరలేదు. కానీ మూడు గంటల సున్నాలు పదకొండు నుంచి నాలుగుకు తగ్గాయి. ఆ నాలుగూ మూడో తేదీ నుంచి ఆరో తేదీ లోపువే. అది చూశాక కల్వకుర్తిలో ఉన్న మా చెల్లెలికి మొదటిసారి అప్పు సంగతి చెప్పాను. ఇప్పుడు ప్రతి నెలా నాలుగో తేదీ సాయంత్రం బస్సుకు వచ్చి, ఆ రాత్రి నా పక్కనే పడుకుంటోంది.