పంపు నడుస్తూనే ఉంది, చేపలు తేలుతున్నాయి: పెరటి తొట్టిలో గాలి పంపు కష్టాలు, పరిష్కారాలు

గాలి పంపు సరిగ్గా పనిచేయట్లేదు అనిపించగానే చాలామంది కొత్త పంపు ధర చూడ్డం మొదలుపెడతారు. ఆగండి. చాలాసార్లు పంపు బాగానే ఉంటుంది, తేడా అంతా పంపు నుంచి నీళ్ళలో బుడగలు వదిలే గాలి రాయి వరకు ఉన్న దారిలో ఎక్కడో ఉంటుంది. అది తేల్చడానికి ఒక్క నిమిషం చాలు. పంపు నడుస్తుండగానే గాలి బయటికొచ్చే చోట పైపు ఊడదీసి వేలు అడ్డం పెట్టి చూడండి. గాలి వేలిని గట్టిగా తోస్తే పంపుది తప్పు కాదు, ఇక వెతకాల్సింది పైపు, వాల్వులు, రాళ్ళు. అక్కడే నీరసంగా ఉంటే పంపు విప్పాలి. గాలీ బాగుంది, తొట్టిలో బుడగలూ బాగున్నాయి, అయినా చేపలు నోళ్ళు తెరుచుకుని పైనే తిరుగుతున్నాయంటే సంగతి నీళ్ళది.

ఇక్కడ నేను చెప్పేది పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉండే సిమెంటు తొట్టి, లేదా అంతే సైజులో టార్పాలిన్ వేసిన కుంట గురించి. ఘనపుటడుగుకి 28.3 లీటర్ల లెక్కన దాదాపు 5,100 లీటర్లు పడుతుంది. అందులో కోయి, గోల్డ్‌ఫిష్ ఉన్నా, కూరకని తిలాపియా, బొచ్చె, రాగండి వేసినా లెక్క ఒకటే.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి గుటకలేస్తున్నాయి, ఎండెక్కాక మామూలైపోతున్నాయి

ఇది అన్నిటికంటే ఎక్కువగా వచ్చే సమస్య, కారణం కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: రాత్రంతా నీళ్ళలో ఆక్సిజన్ అరిగిపోయింది. నీళ్ళు పచ్చగా ఉన్న తొట్టిలో పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడగానే అదే నాచు చేపలతో పాటు తనూ పీల్చడం మొదలుపెడుతుంది, అడుగున కుళ్ళుతున్న మేత, రెట్ట కూడా పీల్చేస్తాయి. సూర్యుడు రాబోయే ముందు గంట అన్నిటికంటే గడ్డుది. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులు ఏరియేటర్లు (నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు) రాత్రుళ్ళు తిప్పేది ఇందుకే.

వేసవిలో ఇంకో దెబ్బ ఉంది. నీళ్ళు ఎంత వేడెక్కితే అంత తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి. 20 డిగ్రీల్లో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా నిలుస్తుంది, 30 డిగ్రీల్లో ఏడున్నర, 35 డిగ్రీలకి ఏడు దగ్గరికి వస్తుంది. అదే వేడికి చేపకి ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది. మే నెలలో నీళ్ళు నిండుగా ఉన్న తొట్టిలో, పంపు నడుస్తుండగానే చేపలు తేలడానికి ఇదొక కారణం.

పరిష్కారం పంపుని రాత్రంతా ఆన్‌లో ఉంచడంతో మొదలవుతుంది. కరెంటు ఆదా అని పగలు నడిపి రాత్రి ఆపేసేవాళ్ళు ఉన్నారు, అది సరిగ్గా తిరగేసిన పని. ఆపాలనే ఉంటే ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఆపండి. అసలు 35 వాట్ల పంపు రోజంతా నడిస్తే 0.84 యూనిట్, నెలకి పాతిక యూనిట్లు, దానికోసం చేపల్ని పణంగా పెట్టక్కర్లేదు. సాయంత్రం మేత మానేసి పొద్దున ఎండొచ్చాక వేయండి. తొట్టి మీద సగానికి గ్రీన్ షేడ్ నెట్ కట్టండి. అజొల్లానో తామరాకులో నీళ్ళని పూర్తిగా కప్పేస్తే సగం తీసేయండి, ఎందుకంటే గాలికీ నీటికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది ఆ పైపొరలోనే. ముసురు పట్టిన రోజుల్లో పగలు కూడా నాచు పెద్దగా ఆక్సిజన్ ఇవ్వదు కాబట్టి ఆ రోజు మేత తగ్గించి పంపు అస్సలు ఆపకండి.

ఇప్పటికిప్పుడు తేలుతున్నాయంటే మోటారు వేసి నీళ్ళు ఎత్తు నుంచి చిమ్ముతూ పడేలా పైపు పట్టుకోండి. బోరు నీళ్ళలో పుట్టుకతోనే ఆక్సిజన్ తక్కువ, పైపు నీళ్ళలో ముంచి వదిలితే పెద్దగా లాభం ఉండదు, గాల్లోంచి పడితేనే పని జరుగుతుంది. మునిసిపల్ నీళ్ళయితే నేరుగా వద్దు, క్లోరిన్ ఉంటుంది. వాటికి బదులు తొట్టిలో నీళ్ళనే బకెట్‌తో ఎత్తి పోస్తూ ఉండండి. ఆక్వా మందుల షాపుల్లో దొరికే ఆక్సిజన్ టాబ్లెట్లు గంటో రెండు గంటలో గట్టెక్కిస్తాయి, రోజూ వాడేవి కావు.

అన్నట్టు, కొర్రమీను పెంచేవాళ్ళు దీనికి టెన్షన్ పడక్కర్లేదు. అది పైకొచ్చి గాలి మింగి వెళ్ళే చేప, అలా రాకపోతేనే అనుమానించాలి.

బయట గాలి బాగుంది, నీళ్ళలో పెడితే బుడగలే లేవు

పంపు లోతుకి ఓడిపోయింది. మీటరు లోతు నీళ్ళు 0.01 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత, పెట్టె మీద MPa అని ఉంటుంది) ఒత్తిడితో గాలిని వెనక్కి నెడతాయి. పెట్టె మీద రాసే "నిమిషానికి ఇన్ని లీటర్లు" అనే అంకె చాలావరకు ఏ అడ్డూ లేనప్పుడు వచ్చే గాలి. దాని పక్కనే 0.02 అనో 0.03 అనో మెగాపాస్కల్ అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు, అసలు చూడాల్సింది అదే. 0.02 అని ఉంటే రెండు మీటర్ల లోతు దగ్గర గాలి సున్నా అవుతుందని అర్థం, రెండు మీటర్లలో హాయిగా పనిచేస్తుందని కాదు. మీ లోతుకి కనీసం రెట్టింపు ఉన్నది తీసుకోండి, రాయి, సన్నపైపు, వంపులు కూడా తమ వాటా తినేస్తాయి మరి.

టేబుల్ మీద గాజు అక్వేరియం కోసం అమ్మే చిన్న డయాఫ్రమ్ పంపులు (లోపల రబ్బరు పొర కొట్టుకుంటూ గాలిని తోసేవి) అడుగున్నర లోతుకి సరే, మూడడుగుల తొట్టిలో ఆయాసపడతాయి. పెరటి తొట్టికి రెండు రకాలు నప్పుతాయి. ఒకటి అల్యూమినియం ఒంటితో వచ్చే ఎలక్ట్రోమాగ్నెటిక్ పిస్టన్ పంపు: మొండిది, ధర తక్కువ, లోతు తట్టుకుంటుంది, కానీ రొద, వేడి రెండూ ఎక్కువ. పడకగది కిటికీ పక్కన మాత్రం వద్దు. రెండోది పెద్ద సైజు లీనియర్ డయాఫ్రమ్ పంపు: శబ్దం తక్కువ, అదే గాలికి కరెంటు కూడా సాధారణంగా తక్కువే తింటుంది, ధర మాత్రం బాగా ఎక్కువ, లోపలి రబ్బర్లు ఎప్పటికప్పుడు మార్చాలి. కొనేటప్పుడు ఆ రబ్బరు కిట్ విడిగా దొరుకుతుందా అని షాపులో అడగండి, దొరకదంటే ఆ పంపు వదిలేయండి.

మన 5,000 లీటర్ల తొట్టిలో చేపలు పలచగా ఉంటే పెట్టె మీద నిమిషానికి 30 నుంచి 40 లీటర్లు ఉన్నది సరిపోతుందని నా అంచనా. తిలాపియా కిక్కిరిసి ఉంటే దానికి రెట్టింపు పెట్టుకోండి, ఇంకా మంచిది రెండు చిన్న పంపులు పెట్టుకోవడం. ఒకటి ఆగినా రెండోది తెల్లారేదాకా నెట్టుకొస్తుంది.

పంపు ఇప్పటికే కొనేశారా? రాయిని పైకి లాగండి. అడుగు నుంచి తీసి రెండడుగుల లోతులో వేలాడదీస్తే ఒత్తిడి మూడో వంతు తగ్గుతుంది. ఎలాగూ రాయి నేరుగా అడుగున ఉండకూడదు, బురద రేగి నీళ్ళు చెడతాయి. ఒక ఇటుక మీదయినా పెట్టండి.

ఒక రాయి దగ్గర నీళ్ళు పొంగుతున్నాయి, మిగతావి మూగబోయాయి

గాలి సులువైన దారి వెతుక్కుంటుంది, అంతే. రాళ్ళన్నీ ఒకే లోతులో లేకపోయినా, ఒకటి కొత్తది మిగతావి పాతవైనా ఇలాగే జరుగుతుంది. అన్నిటినీ ఒకే లోతుకి తెచ్చి, పొంగుతున్న రాయి పైపుకున్న ట్యాప్ కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి, మిగతావి లేస్తాయి. కానీ అన్ని ట్యాపులూ బిగించి గాలి తగ్గించుకోవద్దు. లోపల ఒత్తిడి పెరిగి రబ్బరో పిస్టనో త్వరగా పోతుంది. గాలి ఎక్కువైందనిపిస్తే ఒక ట్యాప్‌కి పైపు లేకుండా బయటికి వదిలేయండి.

పెట్టిన కొత్తలో బుడగలు బ్రహ్మాండం, ఇప్పుడు రోజురోజుకీ తగ్గుతున్నాయి

రాయి తీసేసి ఉత్త పైపుని అదే లోతులో ముంచండి. బుడగలు బోలెడు వస్తే రాయి మూసుకుపోయింది. మన బోరు నీళ్ళలో ఉండే సున్నానికి రాయి మీద తెల్లగా పొర కడుతుంది, దాని మీద నాచు. రాయిని ఎండబెట్టి బ్రష్‌తో గీకి, సగం వెనిగర్ సగం నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, బాగా కడిగి మళ్ళీ పెట్టండి. రెండోసారి కూడా తేరుకోకపోతే పారేయండి, దాని ఖరీదుకి పంపుని చంపుకోవడం దేనికి?

ఉత్త పైపులో కూడా నీరసమేనా, అయితే పైపు చూడండి. అక్వేరియం సన్నపైపు పది పదిహేనడుగులు లాగితే, కొబ్బరి బొండానికి రెండు మూరల స్ట్రా వేసినట్టే, ఎంత ఊదినా చివరికి చేరేది కాస్తే. పంపు నుంచి తొట్టి గట్టు దాకా 16 ఎంఎం డ్రిప్ పైపు వేసి, అక్కడ మానిఫోల్డ్ (ఒక పైపు గాలిని చాలా పైపులకి పంచే ముక్క) పెట్టి, ఆఖరి మూడు నాలుగడుగులే సన్నపైపు వాడండి. డ్రిప్ సామాన్ల షాపులో దొరుకుతుంది, కానీ రంధ్రాలు లేని ఉత్త పైపు అని అడిగి తీసుకోండి. లీకులు తెలియాలంటే జాయింట్ల మీద సబ్బు నురుగు రాయండి.

దారి శుభ్రంగా ఉండి పంపు ముక్కు దగ్గరే గాలి తగ్గితే ముందు గాలి పీల్చుకునే వైపు చూడండి. అక్కడ చిన్న స్పాంజో ఫెల్టో ఉంటుంది, దుమ్ముతో అట్ట కట్టేస్తుంది. కడిగి ఆరబెట్టి పెట్టడం ఐదు నిమిషాల పని. అదీ కాకపోతే డయాఫ్రమ్ రబ్బరు చిరిగి ఉంటుంది, మార్చండి. పిస్టన్ పంపులో నూనె మాత్రం వేయకండి, అవి నూనె లేకుండా నడిచేలా చేసినవి, మీరు పోసింది చివరికి నీళ్ళలో తేలుతుంది.

రొద ఎక్కువైంది, ఒళ్ళు కాలిపోతోంది

పిస్టన్ పంపు చెయ్యి పెడితే చురుక్కుమనడం మామూలే. ఎండలో పెట్టినా, గాలాడని డబ్బాలో మూసినా మాత్రం త్వరగా పోతుంది. నీడలో, వాన పడని చోట, నాలుగు వైపులా గాలి తగిలేలా పెట్టండి. మొదటి అడుగు పైపు వేడికి మెత్తబడి ఊడిపోతుంటుంది, క్లాంప్ బిగించండి. కింద పాత చెప్పు ముక్కో సైకిల్ ట్యూబో వేస్తే సగం రొద తగ్గుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడే గుర్రుమంటోందంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. అయస్కాంతంతో కొట్టుకునే ఈ పంపులకి అది పడదు, వేడి కూడా పెరుగుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ గొడవ ఉండదు. 150 ఏహెచ్ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే 35 వాట్ల పంపు ఒక్కదాన్ని రాత్రంతా లాగుతుంది. ఇన్వర్టర్ లేనివాళ్ళు బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి పక్కన పెట్టుకోండి.

కరెంటు పోయి వచ్చాక పంపులో నీళ్ళు

పంపు ఆగగానే నీళ్ళు పైపులోంచి వెనక్కి ఎక్కాయి. పంపుని నీటిమట్టం కంటే ఎత్తులో గోడకి బిగించండి, కుదరకపోతే పైపులో చెక్ వాల్వ్ (ఒకవైపుకే వెళ్ళనిచ్చే వాల్వ్) వేయండి. వాల్వ్ మీద బాణం గుర్తు తొట్టి వైపు ఉండాలి, తిరగేస్తే అసలు గాలే రాదు. నీళ్ళు వెళ్ళిన పంపుని వెంటనే ఆన్ చేయకుండా ప్లగ్ తీసి, విప్పి, పూర్తిగా ఆరబెట్టండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే తొట్టి దగ్గరికి కరెంటు లాగేముందు అది పెట్టించండి. అది ఉన్నా సరే, స్విచ్ ఆపాకే నీళ్ళలో చెయ్యి పెట్టండి.

బుడగలు నిండుగా ఉన్నాయి, పట్టపగలు కూడా చేపలు పైనే

ఇక పంపుని అనుమానించడం మానేయండి. ఆక్సిజన్ కొరతయితే సాధారణంగా పెద్ద చేపలు ముందు తేలతాయి, పొద్దెక్కితే తగ్గుతుంది. చిన్నా పెద్దా తేడా లేకుండా రోజంతా అలాగే ఉంటే నీళ్ళలో వేరే విషం ఉంది.

మునిసిపల్ నీళ్ళు కొత్తగా పట్టారా? క్లోరిన్. డ్రమ్ములో రాయి పెట్టి ఒక రోజు గాలి ఆడించాక పోయాల్సింది, ఇప్పుడు అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ లేబుల్ మీద ఉన్నంత వేయండి. సిమెంటు తొట్టి కొత్తదా? సున్నం దిగి పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) పైకి పోయి ఉంటుంది, చేపల్ని వేరే చోటికి మార్చి, నీళ్ళు నింపి వదులుతూ కొన్ని వారాలు నాననివ్వాలి. చాలామంది అరటి బోదె ముక్కలు కూడా వేసి నానబెడతారు.

మేత ఎక్కువ వేస్తుంటే అమ్మోనియా. బుడగలతో అది పోతుందనుకుంటారు, పోదు. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో ఒక శాతం లోపే విషరూపంలో ఉంటుంది, పీహెచ్ 9కి వెళ్తే నలభై శాతం దాటుతుంది. పచ్చ నీళ్ళలో పీహెచ్ మధ్యాహ్నం పూటే పెరుగుతుంది కాబట్టి చేపలు పొద్దున బాగుండి మూడు గంటలకి తేలుతుంటే ఈ వైపు చూడండి. మేత రెండు రోజులు ఆపి, పావు వంతు నీళ్ళు మార్చి, అడుగు బురద పైపుతో లాగేయండి.

కారణం ఇంకా తెలియకపోతే ఒక చేపని వలతో పట్టి మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాల్సింది గోధుమ రంగుకి తిరిగితే నైట్రైట్ (అమ్మోనియా నుంచి పుట్టే ఇంకో విషం), వెయ్యి లీటర్లకి కిలో కల్లుప్పు నీళ్ళలో కరిగించి పోసి, నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చండి. పాలిపోయి జిగురు కట్టి ఉంటే మొప్పల్లో పరాన్నజీవులు ఉండొచ్చు, చేప ఒళ్ళు గోడకి రాసుకుంటూ ఉంటుంది కూడా. అప్పుడు ఊహించి మందులు కలపకుండా, ఒక జబ్బు చేపని అదే నీళ్ళున్న కవర్లో వేసుకుని దగ్గర్లోని ఆక్వా ల్యాబ్‌కి పట్టుకెళ్ళండి.