పాత ఆటోమేటిక్ కారుకు ఏ గేరు నూనె పోయాలి?

ఏటా ఆగస్టులో మా పటమట వీధి నుంచి ఇద్దరో ముగ్గురో పిల్లలు చదువుకని అమెరికా విమానం ఎక్కుతారు. సంక్రాంతి లోపల ఒక పాత హోండానో టయోటానో కొంటారు. ఆ తర్వాత, అక్కడ కొన్నేళ్లు ఉండి వచ్చినవాణ్ణని, నాకు ఫోను చేస్తారు: "బాబాయిగారూ, గేరు మారేటప్పుడు కారు కుదుపుతోంది. నూనె మార్చమంటారా?"

బందరు రోడ్డు మీద క్లచ్చు తొక్కి నేర్చుకున్నవాళ్లం మనం. గేరు నూనె సంగతి ఆటోనగర్ మెకానిక్‌కే వదిలేశాం. కానీ ఆటోమేటిక్‌లో గేరు మార్చే పనిలో సగం ఆ నూనెదే. ఒత్తిడితో లోపలి క్లచ్చులను బిగిస్తుంది. అవి ఎంత జారాలో, ఎంత పట్టాలో అందులో కలిపిన రసాయనాలు తేలుస్తాయి. (ఒకప్పుడు ఇందుకోసం తిమింగలం నూనె కలిపేవారు.)

అందుకే రంగు చూసి కొనకండి. చాలావరకు అన్నీ ఎరుపే. కారు పుస్తకంలో, కొన్నిటికి డిప్‌స్టిక్ (నూనె మట్టం చూసే పుల్ల) మీదే నూనె పేరు ఉంటుంది. పాత కార్లతో చిక్కేమిటంటే, ఆ పేరు ఇప్పుడు దుకాణంలో కనిపించకపోవచ్చు. హోండా జెడ్-1 అని ఉంటే డీడబ్ల్యూ-1 తీసుకోండి. డెక్స్‌రాన్-3 అని ఉంటే డెక్స్‌రాన్-6. డెక్స్‌రాన్ పేరు సొంతదారు జనరల్ మోటార్స్ పాత రకానికి 2006తోనే లైసెన్సులు ఆపేసింది. ఇంకా ఆ పేరుతో అమ్మే చవక సీసాకు ఆ కంపెనీ పూచీ లేదు. టయోటాలో మాత్రం కొత్తదల్లా పాతదానికి పనికిరాదు: పాత టీ-4 నూనె అడిగే బండికి కొత్త డబ్ల్యూఎస్ మరీ పలచన. సీవీటీ (మెట్టు గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకం) అయితే దాని నూనే వేరు.

"అన్ని కార్లకూ" అని రాసిన సీసాను నేను ఒకసారి నమ్మాను. నా 2003 అకార్డు రెండు వారాల్లో మూలగడం మొదలుపెట్టింది. సరైన నూనె మూడుసార్లు మార్చాక గానీ కుదుటపడలేదు. మూడుసార్లు ఎందుకంటే, అడుగు బోల్టు విప్పితే దిగేది దాదాపు రెండున్నర లీటర్లే; సగానికి పైగా టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజను తిప్పుడును గేర్లకు అందించే భాగం) లోపలి దారుల్లోనూ ఉండిపోతుంది. మార్చి, కొన్నాళ్లు నడిపి, మళ్లీ మార్చాలి. సీసాల మీద కొలత క్వార్టుల్లో ఉంటుంది, లీటరుకు కాస్త తక్కువ.

మట్టం చూసే పద్ధతీ ఒకటి కాదు. చాలా కార్లకు వేడెక్కాక ఇంజను నడుస్తుండగా చూడాలి. హోండాకు ఇంజను ఆపి, నిమిషం నుంచి నిమిషంన్నర లోపు. డిప్‌స్టిక్ లేని కారైతే గ్యారేజీకే పొండి.

నూనె పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు చేరాయన్నమాట. ఆ కారు నడపకండి. నల్లబడి మాడిన వాసన వస్తుంటే, ఇంకా కొనకపోతే, కొనకండి.

దించిన నూనెను కాలువలో పోయకండి, విడిభాగాల దుకాణాలు చాలావరకు ఉచితంగానే తీసుకుంటాయి. నాకు ఫోను చేసేముందు డిప్‌స్టిక్‌ను తెల్ల కాగితం మీద తుడిచి ఫోటో పంపండి. మీకు మధ్యాహ్నమైతే ఇక్కడ అర్ధరాత్రి.